జమ వ్రాయని పద్దులు

వర్తకుల ఇండ్లలో పుట్టినవారికి లెక్క అనునది ఉగ్గుపాలతో అబ్బిన విద్య. మనకు రావలసిన బాకీ ఎవరి వద్ద ఎంత యున్నదో, ఎవరి వాయిదా ఏనాడు దాటినదో, నిద్రలో లేపి అడిగినను చెప్పగలము. కాని మనము ఇతరులకు పడిన బాకీలలో కాగితము మీదికి ఎక్కనివి ఎన్ని యున్నవని అడిగినచో, పెక్కుమందిమి తడుముకొనవలసినదే. వేకువనే అంగడి ముందు ఊడ్చి నీళ్లు చల్లు ముసలమ్మ, వానలో తన దుప్పటిని మూటలపై కప్పి తాను తడిసివచ్చిన బండివాడు, మనపై నమ్మకముంచి మొదటిసారి అరువిచ్చిన టోకు వ్యాపారి, మనము జ్వరముతో పడియుండగా రాత్రియంతయు మేలుకొన్న ఇల్లాలు, వీరి పేర్లు ఏ చిట్టాలో వ్రాసితిమి? ఈ వ్రాయని పద్దులను గూర్చియే నాలుగు మాటలు విన్నవించదలచినాను.

కృతజ్ఞత మంచి గుణమని పెద్దలు ఎప్పుడును చెప్పుచునే యున్నారు. అది మనస్సునకు సుఖమును గూడ కలిగించునా అని ఇటీవల మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచినారు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్కలో అను పండితులు 2003లో ఒక పరిశోధనను ప్రకటించిరి. అందులో కళాశాల విద్యార్థులను మూడు జట్లుగా విభజించి, వారమున కొకసారి చొప్పున 10 వారములు వ్రాయించిరి. మొదటి జట్టు తాము కృతజ్ఞులై యుండదగిన విషయములను, రెండవ జట్టు తమను విసిగించిన విషయములను, మూడవ జట్టు ఊరక జరిగిన సంగతులను వ్రాసినది. కడకు చూడగా మొదటి జట్టువారు తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తితోను, రాబోవు వారమును గూర్చి ఎక్కువ ఆశతోను ఉండిరి. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన సహచరులు మరియొక పద్ధతిని పరీక్షించిరి. రాత్రి పరుండబోవు ముందు ఆనాడు జరిగిన మూడు మంచి సంగతులను, అవి ఏల జరిగినవో కారణములతో సహా, ఒక వారము పాటు వ్రాయవలెను. ఇంతమాత్రము చేతనే కలిగిన ఉత్సాహము ఆరు నెలల వరకు నిలిచినట్లు వారు కనుగొనిరి.

అయితే సరకును ఉన్నదానికంటె గొప్పగా చెప్పి అమ్ముట మన ధర్మము కాదు. తరువాత వచ్చిన పరిశోధనలనన్నిటిని కలిపి తూచినవారు, దిగులు, ఆందోళన గలవారికి ఈ వ్రాతవలన కలుగు మేలు స్వల్పమేనని 2020లో తేల్చిరి. కనుక ఇది రోగమునకు మందు కాదు. మనోవ్యాధి యున్నవారు వైద్యుని చూడవలసినదే. ఆరోగ్యవంతునికి దినమునకు పది నిమిషముల నడక ఎట్టిదో ఇదియు అట్టిది. ఖర్చు లేదు, నష్టము లేదు, లాభము కొంత తప్పక యున్నది.

ఇక్కడ జైనులమైన మనకు ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. మనము అనుభవించు సుఖదుఃఖములు మన కర్మఫలములే యని గదా మన సిద్ధాంతము. తీర్థంకరులు వీతరాగులు, వరములిచ్చువారు కారు, శాపములిచ్చువారు కారు. నవకార మంత్రములో పంచపరమేష్ఠులకు వందనమే గాని, ఫలానిది ప్రసాదింపుమను కోరిక ఒక్కటియు లేదు. ఇచ్చువాడెవడును లేనప్పుడు, వచ్చినదంతయు నా పూర్వార్జితమే యైనప్పుడు, నేను ఎవరికి కృతజ్ఞుడనై యుండవలెను? ఈ ప్రశ్న నన్ను పడుచుతనమున చాల బాధించినది. నిజము చెప్పవలెనన్న, అది నాకు అనుకూలముగా గూడ నుండెను. అంతయు నా పుణ్యమే యనుకొనువానికి ఎవరి ఎదుటను తల వంచవలసిన పని లేదు గదా!

ఈ చిక్కునకు విడుపు మన శాస్త్రములలోనే యున్నది. ఉపాదానమని, నిమిత్తమని కారణములు రెండు. విత్తనములో శక్తి లేనిదే మొలక రాదు. కాని మట్టి, నీరు, ఎండ లేనిచో ఆ విత్తనము గాదెలోనే పుచ్చిపోవును. నా కర్మ విత్తనమనుకొందము. దానికి నీరు పోసినవాడు మరియొకడు. వాడు పోయకుండుటకు గూడ స్వతంత్రుడే. పోయుట వాడు చేసిన పుణ్యక్రియ. ఆ క్రియకు నేను తల వంచుట న్యాయము. తత్త్వార్థసూత్రము ఐదవ అధ్యాయములో ఉమాస్వాతి ఆచార్యులు జీవుల పనిని చెప్పుచు, ఒకరికొకరు తోడ్పడుటయే యని తేల్చినారు. మహావీరస్వామి 2500వ నిర్వాణ మహోత్సవ కాలమున, 1974లో, సర్వ సంప్రదాయములవారును కలసి అంగీకరించిన జైన చిహ్నము క్రింద వ్రాసినది ఆ సూత్రమునే. మన మందిరముల ద్వారములపై, పెండ్లి పత్రికలపై దానిని అచ్చు వేయుచున్నాము. అచ్చు వేయుట సులభము, ఆచరణయే కష్టము.

ఆ శాస్త్రమే మైత్రి, ప్రమోదము, కారుణ్యము, మాధ్యస్థ్యము అను నాలుగు భావనలను అలవరచుకొనుమన్నది. పరుల గుణమును చూచి మనస్సు వికసించుట ప్రమోదము. కృతజ్ఞత ఆ ప్రమోదమునకు చెల్లెలు. ఆ గుణము నాయెడల ప్రవర్తించినప్పుడు కలుగు ప్రమోదమే కృతజ్ఞత యని నా భావన.

అయితే నాణెములలో చెల్లనివి యున్నట్లే కృతజ్ఞతలోను చెల్లనివి కలవు. వానిలో రెంటిని మాత్రము చెప్పెదను. మొదటిది, పరుని దుఃఖముతో పోల్చుకొని తృప్తి పొందుట. కుంటివానిని చూచి, నాకు కాళ్లున్నవి గదా యని సంతోషించుట కృతజ్ఞత కాదు. అక్కడ పుట్టవలసినది కారుణ్యము. కారుణ్యము పుట్టవలసిన చోట సంతోషము పుట్టినచో మనస్సు తప్పుదారి పట్టినదన్నమాటయే. రెండవది అంతకంటె సూక్ష్మమైనది, మనవంటి యజమానులకు ఎక్కువ అపాయకరమైనది. అది చెల్లింపవలసిన దానిని చెల్లింపక, తీయని మాటతో సరిపెట్టుట. దీనిని నేను పుస్తకములు చదివి తెలిసికొనలేదు. సిగ్గుతోనే ఆ కథ చెప్పుచున్నాను.

మాది బళ్లారిలో బట్టల అంగడి. 1972 కరువు ఏట రైతు చేతిలో కాసు ఆడలేదు. రైతు చేతిలో కాసు లేనినాడు బట్టల అంగడిలో మూరెడు గుడ్డ తెగదు. మా తండ్రిగారు ఆ దెబ్బనుండి తేరుకొనకుండగనే 1975లో కాలము చేసిరి. అప్పటికి నాకు పదునెనిమిదేండ్లు. గాదెపై కూర్చుంటిని గాని, అంగడిని నిలిపినది మా గుమాస్తా. పిల్లలమందరము ఆయనను గుమాస్తా మామ యని పిలిచెడివారము. ముప్పది యేండ్లకు పైగా పనిచేసి, చూపు మందగించి ఆయన ఇంటిపట్టున నుండెను. నెలనెల జీతమిచ్చితిమి, పండుగకు బట్టలు పెట్టితిమి, లెక్క సరిపోయినదని నేననుకొంటిని.

2022లో మా కుమార్తె బలవంతము మీద, రాత్రిపూట మూడు మంచి సంగతులు వ్రాయుట మొదలిడితిని. మొదటి వారము భోజనము బాగున్నది, వాన కురిసినది అను మాటలు తప్ప తోచలేదు. రెండవ వారమున, అవి ఏల జరిగినవని కారణములు వ్రాయబూనినప్పుడు, మనుష్యులు కనబడసాగిరి. ఈ అంగడి ఏల యున్నదని వ్రాయబోగా గుమాస్తా మామ పేరు వచ్చినది. ఆయనను గూర్చి వ్రాయుటకని అటుకమీది పాత ఆవర్జాలు దింపించితిని. 1972 పుస్తకములో, ఆయన పేర, ఆయన ముత్యాలవంటి చేవ్రాతతోనే, దీపావళికి ముందు ఐదు నెలల జీతము నెలకు 120 చొప్పున 600 రూపాయలు జమ వ్రాసియున్నది. చెల్లించినట్లు ఖర్చు లేదు. ఆ జమ మూడేండ్లు పుస్తకమునుండి పుస్తకమునకు ఎత్తివ్రాయబడినది. 1975 దీపావళినాడు తెరచిన క్రొత్త పుస్తకములో అది కనబడలేదు.

ఆ దీపావళికి ఆవర్జాను చంకబెట్టుకొని ఆయన ఇంటికి పోతిని. ఆయనకు అప్పటికి ఎనుబది యేండ్లు. పుస్తకమును కిటికీ వద్దకు తీసికొనిపోయి, తన వ్రాతను వ్రేలితో తడవి చూచి మెల్లగా అన్నాడు: “మీ నాయన పోయిన ఏడు గదా చిన్న సావుకారూ. మీరేమో పసివాళ్లు. పొద్దున లేచి పుస్తకం తెరిస్తే నా బాకీ కనపడి బెదురుతారని ఎత్తి రాయలేదు. నా జన్మలో తప్పు లెక్క రాసింది అదొక్కటే.”

నా నోట మాట రాలేదు. ఆ కాలమున 10 గ్రాముల బంగారము సుమారు 200 రూపాయలు. 600 రూపాయలకు 30 గ్రాములు వచ్చెడిది. ఆ లెక్కన కట్టి తెచ్చిన సొమ్మును ఆయన ముందుంచితిని. ఆయన చేయి వెనుకకు తీసికొనెను. “ఇది తీసుకుంటే నేను చేసింది అప్పయిపోతుంది గదా నాయనా,” అన్నాడు. అప్పుడు నేనంటిని: “మామా, జీతము వేరు, మీరు చూపిన దయ వేరు. జీతము మీ హక్కు, దానిని తీసికొనవలె. దయకు వెల కట్టుటకు నేను రాలేదు. ఆ బాకీ నా పేరనే యుండనిండు.” ఆయన చాలసేపు ఆలోచించి, కాగితము తెప్పించి, నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఏబది యేండ్లకు 3,600, అసలు 600, వెరసి 4,200 అని తేల్చి, అంతే పుచ్చుకొని రసీదు వ్రాసి యిచ్చెను. పైకమును ముట్టలేదు.

ఇంటికి వచ్చుచు నేను గ్రహించినది ఇది. ఆ ముప్పది యేండ్లలో నేను ఆయనకు ఎన్నియో మారులు “మీ మేలు మరువలేము” అని చెప్పియుంటిని. ఆ మాట చెప్పిన ప్రతిసారియు ఆయన కూలి నా పెట్టెలోనే యున్నది. తెలియక జరిగినదే కావచ్చును. కాని ఇయ్యనిదానిని ఉంచుకొనుట అచౌర్య అణువ్రతమునకు మచ్చ యగునా కాదా? కాబట్టి కృతజ్ఞతకు మొదటి మెట్టు ధన్యవాదము కాదు, సరియైన లెక్క. చెల్లింపదగినదంతయు చెల్లించిన పిమ్మట కూడ ఇంకను మిగిలియుండు బాకీ ఏది కలదో, దానికి మాత్రమే ధన్యవాదము తగును.

సోదర సోదరీమణులారా! ఇది ఆచరించుటకు ధనము అక్కరలేదు, దీక్ష అక్కరలేదు. సామాయికమునకు 48 నిమిషములు కేటాయించువారమే గదా. అది ముగిసిన పిమ్మట మరి రెండు నిమిషములు ఆగుడు. ఆనాడు మేలు చేసిన ముగ్గురిని పేరు పేరున తలచి, వారు ఏమి చేసిరో, ఏమి మానుకొని చేసిరో గుర్తు చేసికొనుడు. ప్రతిక్రమణములో మనము చేసిన తప్పులను లెక్కించుచున్నాము. పరులు చేసిన మేలును గూడ లెక్కించినచో పుస్తకము రెండు వైపుల నిండును. సంవత్సరి నాడు క్షమాపణ చెప్పుటకు ఇంటింటికి పోవువారమే గదా. ఆ గడపలలోనే ఒక మేలును గూడ పేరు పెట్టి చెప్పుడు. అట్లు చెప్పుటకు బిడియపడుదుము. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనువారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, కృతజ్ఞతతో జాబు వ్రాయువారు అందుకొనువారి ఇబ్బందిని ఎక్కువగాను, వారి సంతోషమును తక్కువగాను అంచనా వేసిరని తేలినది. మన బిడియము కూడ తప్పు లెక్కయే నన్నమాట.

నా మట్టుకు నేను ఏటేట దీపావళినాడు, మహావీరస్వామి నిర్వాణదినమున, క్రొత్త పుస్తకము తెరచి శ్రీకారము చుట్టిన వెంటనే మొదటి పుటలో ఒక పద్దు ఎత్తి వ్రాయుచున్నాను. దానిలో అంకె లేదు, ఒక పేరు మాత్రము గలదు. ఆడిటరు దానిని చూచి నవ్వును. నేను దానిని కొట్టివేయలేదు, కొట్టివేయబోను. ఆ పద్దును చూచిన ప్రతి ఉదయమును నా మనస్సు తేలికపడుచున్నది. తీరని బాకీ కూడ మనిషికి సుఖమునిచ్చునని, ఇంతకాలము వ్యాపారము చేసిన పిమ్మట, నాకు ఇప్పుడు తెలిసినది.