ఊడ్చేసే ముందు

చిందరవందరగా ఉన్న బల్లను చూపించి, సృజన అంటే ఇలాగే ఉంటుందని ఎవరైనా అంటే నాకు వెంటనే ఒప్పుకోబుద్ధి కాదు. అలాగని, గది సర్దుకుంటే మనసూ సర్దుకుంటుందనే మాటా మింగుడు పడదు. తుడిచిపెట్టిన బల్ల ముందు కూర్చుంటే నాకు ఒక్క వాక్యమూ రాదు. నన్ను తొలిచేది ఒకే సందేహం. గందరగోళం నిజంగానే పనికి తోడ్పడుతుందా? లేక ఎవరో దాన్ని భరిస్తూ, అందులోంచి ఏరుతూ ఉంటే, ఆ ఘనతను మనం గందరగోళానికి కట్టబెడుతున్నామా?

గణితవేత్త రామానుజన్ కాగితాల కథ చదివిన దగ్గర్నుంచి ఈ సందేహం నన్ను వదలడం లేదు. 1919లో జబ్బుతో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూసేదాకా ఆయన లెక్కలు రాస్తూనే ఉన్నారు. ఆ విడి కాగితాల్లో 600కు పైగా సూత్రాలున్నాయి. నిరూపణలు లేవు, వరస లేదు. ఆయన భార్య జానకి అమ్మాళ్ వాటిని మద్రాసు విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 1923లో అవి గణితవేత్త హార్డీకి వెళ్లాయి, ఆయన నుంచి మరో గణితవేత్త వాట్సన్ దగ్గరికి చేరాయి. 1965లో వాట్సన్ పోయాక ఆయన గదిలోకి వెళ్లిన విటేకర్ అనే గణితవేత్తకు నేల కనిపించలేదు. అడుగు మందాన కాగితాలు కలగాపులగంగా పడి ఉన్నాయి. కొద్ది రోజుల్లో తగలబెట్టేస్తారట. చేయి పెట్టి అందినవి తీసి చూస్తుంటే రామానుజన్ రాత తగిలింది. ఆ కాగితాలు కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల గ్రంథాలయానికి వెళ్లి, అక్కడా మరుగునపడి, 1976లో గణితవేత్త జార్జి ఆండ్రూస్ కంటపడ్డాయి.

ఈ కథను ఎటైనా చెప్పొచ్చు. సర్దే అలవాటున్న మనిషైతే ఆ కాగితాలను ఎప్పుడో పారేసేవాడేమో. సర్దే అలవాటే ఉండి ఉంటే అవి అన్నేళ్లు కుప్పకింద పడి, మంట దాకా వెళ్లేవి కావేమో. నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. రామానుజన్ పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవారు. కాగితం చాలక, రాసిన కాగితం మీదే ఎర్రసిరాతో మళ్లీ రాసేవారు. దాన్ని మేధావుల ధోరణిగా చెప్పుకుని మనం మురిసిపోతాం. అది పేదరికం. నిరూపణల్లేని ఆ సూత్రాలను ఒక్కొక్కటే నిరూపిస్తూ ఆండ్రూస్, మరో గణితవేత్త బెర్న్ట్ కలిసి ఐదు సంపుటాలు తెచ్చారు. చివరిది అచ్చయ్యేసరికి 2018 వచ్చింది.

కాగితం కరువంటే నాకు తెలుసు. నాన్న బళ్లో పంతులు. పరిషత్తు నాటకాలు రాసేవారు. సైక్లోస్టైలు ప్రశ్నపత్రాల వెనక, శుభలేఖల వెనక, సిగరెట్టు పెట్టెల అట్టల మీద సంభాషణలే. అవన్నీ మంచం కింద, ట్రంకుపెట్టె మీద, గూట్లో. వాటిని ఎవరూ ముట్టుకోకూడదన్నది ఇంట్లో శాసనం. ఒక ఏడు మంచం కింద చెద పట్టింది. భోగి నాడు తెల్లవారుజామున నాన్నే, "ఆ చెత్తంతా మంటలో పడెయ్" అన్నారు.

అమ్మ కట్టలు మోసుకొచ్చింది గానీ పడెయ్యలేదు. మంట పక్కన పీట వేసుకుని, ఒక్కో కాగితం విదిలించి, ఆ వెలుగులో రెండు వైపులా చదవడం మొదలుపెట్టింది. అమ్మ చదివింది ఐదో తరగతి. పిడకల దండలు మంటలో వేసేసి మేం చలికి ముడుచుకుని చూస్తున్నాం. వీధిలో మంటలు ఒక్కొక్కటీ చల్లారుతున్నా అమ్మ లేవలేదు. కొన్ని మంటలోకి, కొన్ని ఒళ్లోకి. ఒక కాగితం దగ్గర ఆగి నాన్నను పిలిచింది.

"ఏవండీ, ఈ మాట కొట్టేశారేం? కింద రాసినదానికంటే ఇదే బాగుంది. ఆ పిల్ల తండ్రికి నీతులు చెప్పదు. ఇలాగే అంటుంది."

నాన్న తీసుకుని చదివారు. ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నారు. మరుసటేడు ఆ నాటకం ఆడినప్పుడు, స్టేజీ మీద ఆ పిల్ల అమ్మ దాచిన మాటే అంది.

గందరగోళమే ఆ వాక్యాన్ని కాపాడిందంటే కాదనలేను. పద్ధతిగా ఉండే మనిషైతే కొట్టేసిన కాగితాన్ని అప్పుడే చించేసేవారు. కానీ చదివే మనిషి లేకపోతే అదంతా చెదలపాలే. ఆ కాగితాల మధ్య రోజూ చాప పరిచే చోటు వెతుక్కున్నదీ అమ్మే. నాటకం కరపత్రాల మీద ఆమె పేరు ఎప్పుడూ లేదు. చిందరవందరను ప్రేమించమని బోధించేవాళ్లలో చాలామందికి దాన్ని ఊడ్చే పని లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అయినా పూర్తిగా ఊడ్చేసే వైపూ ఒరగలేకపోతున్నాను. టాగూరు తన కవితల పుస్తకం 'పూరబి' రాతప్రతిలో కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోయారు. అవి వింత ఆకారాలయ్యాయి. అరవై దాటాక ఆయన చిత్రకారుడు కావడానికి అదొక దారి. శుభ్రమైన ప్రతిలో ఆ దారి దొరికేది కాదు. ఇప్పుడు మనం తెర మీద రాస్తున్నాం. కొట్టేసిన మాటకు మచ్చ కూడా మిగలదు. నాన్న ఈ కాలంలో రాసి ఉంటే, ఆ భోగినాడు అమ్మకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

నాకు కావలసింది ఆ తడబాటు జాడేమో. దానికి ఇల్లంతా అక్కర్లేదు, ఒక అట్టపెట్టె చాలు. అందులో ఏరి పెట్టుకునే పని రాసినవాడిదే. ఇలా తేల్చుకున్నా మనసు ఊరుకోదు. ఏది ఉంచాలో రాసినవాడికి తెలిస్తే కదా! నాన్నకు తెలియలేదు. అమ్మకు తెలిసింది.

రామానుజన్ కాగితాలను అప్పగించిన జానకి అమ్మాళ్, భర్త పోయాక 70 ఏళ్లకు పైగా బతికారు. చాలాకాలం ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టి పొట్టపోసుకున్నారు. మీ ఇంట్లో రాసేవాళ్లో, గీసేవాళ్లో ఉంటే, వాళ్ల వెనక కాగితాలు ఎవరు ఏరుతున్నారో ఒకసారి చూడండి. సాయానికి వెళ్లండి. ఏది బాగుందో ఆ మనిషిని కూడా అడగండి.