చేపను పట్టే పద్ధతిలో నీతి ఉందా?

"చేప ఎలాగూ చస్తుంది కద సారూ. గాలంతో చస్తేనేం, బ్లీచింగ్ పౌడరుతో చస్తేనేం?" వాగులు తేటపడే కాలంలో మా బడిపిల్లలు అడిగే ప్రశ్న ఇది. తప్పురా అని కసిరి ఊరుకుంటే పిల్లవాడు నోరు మూసుకుంటాడు, రాత్రికి వాగు దగ్గరికి వెళ్తాడు. అందుకే దీనికి నిజమైన జవాబు వెతకాలి. శబరి ఒడ్డున, దానిలో కలిసే వాగుల పక్కన బతికే కోయలం మేము. చేప మాకు కూర, సంతలో నాలుగు రూపాయలు, చుట్టం వస్తే మర్యాద. చేపను చంపడమే పాపమని మేము చెప్పబోవడం లేదు.

ముందు దూరదేశపు సంగతి ఒకటి చూద్దాం. అమెరికాలో కొందరు ఫ్లై రాడ్ అనే సన్నని పొడవాటి కర్రతో క్యాట్‌ఫిష్‌ను పడతారు. క్యాట్‌ఫిష్ అనగానే మనకు సంతలో అమ్మే ఆఫ్రికా చేప గుర్తొస్తుంది. దాని పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. కానీ మీసాలున్న మన వాలుగ, జెల్ల, మార్పు కూడా ఆ జాతివే. ఫ్లై రాడ్ గాలానికి వానపాము ఉండదు. ముల్లుకు ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో కనిపించేలా కడతారు. ఆ ఎరకు బరువుండదు కాబట్టి లావుపాటి దారం బరువుతోనే దాన్ని దూరంగా విసరాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. మీసాల చేప కంటితో కన్నా వాసనతో, రుచితో ఎక్కువగా మేత వెతుక్కుంటుంది. దాని మీసాల మీదే కాదు, ఒంటి నిండా రుచి తెలిసే మొగ్గలుంటాయి. వాసనే లేని ఈకల ఎరతో దాన్ని పట్టాలంటే చేప ఎక్కడ పడుకుంటుందో, ఎప్పుడు కదులుతుందో తెలియాలి. ఎరకు కాస్త బరువు కట్టి, నీటి అడుగున చేప ముక్కు ముందు నుంచి మెల్లగా లాగాలి. తేలికైన దారి ఉండగా కష్టమైన దారిని వాళ్లు కావాలనే ఎంచుకుంటున్నారు. పట్టిన చేపను చాలామంది మళ్లీ నీళ్లలో వదిలేస్తారు కూడా.

అయితే వాళ్లు మనకన్నా నీతిమంతులా? అలా అనుకోవడానికి లేదు. 2003లో స్కాట్లండ్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల తలలో, నోటి దగ్గర, గాయాన్ని పసిగట్టే నరాలున్నాయని చూపింది. చేప నొప్పిని మనలాగే అనుభవిస్తుందా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. కానీ ముల్లు దిగితే చేపకు ఏమీ కాదని ఇప్పుడు తేలిగ్గా అనలేం. జర్మనీ జంతు సంరక్షణ చట్టం సరైన కారణం లేకుండా జంతువును బాధపెట్టకూడదంటుంది. అందుకే వదిలేయడం కోసమే చేపను పట్టడాన్ని అక్కడ తప్పుగా చూస్తారు. తినేదానితో ఆటలాడకూడదని మన పెద్దవాళ్లు పిల్లలకు చెప్పేదీ దాదాపు ఇదే.

కాబట్టి కష్టపడి పట్టడమే నీతి కాదు, వదిలేయడమే దయ కాదు. మరి తేడా ఎక్కడుంది?

గాలం ఒక్కసారికి ఒక్క చేపనే తెస్తుంది. చేతికొచ్చింది ఏ చేపో మనకు తెలుస్తుంది. పిల్లచేపైతే వదలొచ్చు, కూరకు సరిపోతే కర్ర చుట్టేసి ఇంటికి పోవచ్చు. అంటే గాలంలో ఎంచుకునే వీలుంది, ఆగే వీలుంది. బ్లీచింగ్ పౌడరుకు ఆ రెండూ లేవు. మడుగులో పోశాక అది మన మాట వినదు. పెద్ద వాలుగతో పాటు గుడ్లు, పిల్లలు, పీతలు, నత్తలు, కప్పలు అన్నీ పోతాయి. చచ్చినవాటిలో మనం ఏరుకునేది కొంతే, మిగతాది కుళ్లిపోతుంది. కరెంటు తీగ పెట్టినా అంతే, పైగా అది పట్టేవాడి ప్రాణానికే ముప్పు.

అలాగని గాలం పట్టుకున్న ప్రతివాడూ మంచివాడు కాడు. కొర్రమీను తన పిల్లల గుంపును కాపాడుతూ దాని కిందే తిరుగుతుంది. ఆ గుంపు దగ్గర ఏది కదిలినా మీద పడుతుంది. అప్పుడు దాన్ని గాలంతో పట్టడం చాలా సులువు. ఆ ఒక్కదాన్ని పడితే పిల్లలన్నీ దిక్కులేనివవుతాయి. మార్పు చేపలో మగది గుడ్లకు కాపలా కాస్తుంది. తొలకరి వరదకు ఎదురెక్కే చేపల కడుపు నిండా గుడ్లుంటాయి. ఈ సంగతులు తెలిసి చెయ్యి ఆపుకోవడంలో నీతి ఉంది. గాలం ఆ ఆగడానికి చోటిస్తుంది, అంతే.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు: "మన తాతలు మంగకాయలు దంచి మడుగులో కలపలేదా? అదీ మందే కదా?" నిజమే, కలిపారు. దాన్ని దాచాల్సిన పని లేదు, గొప్పగా చెప్పుకోవాల్సిన పనీ లేదు. ఆ పని ఎలా జరిగేదో చూడాలి. ఎండాకాలం ప్రవాహం తెగిపోయి, ఎలాగూ ఎండిపోయే గుంటలో ఊరంతా కలిసి చేసేవారు. పట్టినది ఇంటింటికీ పంచుకునేవారు. అది పట్టపగలు అందరి కళ్ల ముందు జరిగేది. ఈనాటి బ్లీచింగ్ ఇద్దరు ముగ్గురు, చీకట్లో, పారే నీళ్లలో చేసే పని. దిగువ ఊళ్లో ఆ నీళ్లు తాగేవాళ్లకు కబురు కూడా ఉండదు. తాతల పద్ధతి కాబట్టి ఇప్పుడూ చేయొచ్చని మేము అనడం లేదు. 1897 నాటి మత్స్య చట్టం నీళ్లలో విషం కలపడాన్నీ మందుగుండు పేల్చడాన్నీ నేరమంది. కానీ ఆ పాత పని నుంచి ఒక కొలత తీసుకోవచ్చు. చేయబోయే పనిని దిగువ ఊరికి ముందే చెప్పి చేయగలమా? చెప్పలేమంటే ఆ పని తప్పని మనకే తెలుసు.

ఇంకో ప్రశ్న దీనికన్నా బరువైనది. ఫ్లై రాడ్ పట్టుకున్నవాడికి తీరిక ఉంది, ఇంటికెళ్తే అన్నం ఉంది. పూట గడవనివాడు గంటలకొద్దీ బెండు వంక చూస్తూ కూర్చోగలడా? మిరప, పత్తి చేల మందులు వాగుల్లోకి వస్తున్నాయి. పెద్ద ఆనకట్ట కోసం మన మండలాల ఊళ్లే మునుగుతున్నాయి. ఇంత పెద్ద నష్టం చేసేవాళ్లను వదిలి పేదవాడికే నీతి చెప్పాలా?

ఈ కోపం న్యాయమైనది. పెద్దవాళ్ల తప్పును మనం అడగాల్సిందే. కానీ మన వాగులో మనం పోసిన మందు ఆ పెద్దవాళ్లను తాకదు. రోజూ పొద్దున పీతలకూ నత్తలకూ వాగులో దిగే ఒంటరి ముసలామెకు తాకుతుంది. ఆమెకు చేను లేదు, మేకలు లేవు, ఆ వాగే ఉంది. మనం ఆగమనేది ఆమె కోసం, రేపటి మన కూర కోసం. పైవాళ్లకు మంచివాళ్లుగా కనిపించడానికి కాదు.

2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపల మీద మన సమాజానికి హక్కును గుర్తించింది. నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1996 పీసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలంది. చేప మనదని అడిగే హక్కుంటే, దాన్ని ఎలా పట్టాలో తేల్చుకునే బాధ్యతా మనదే. ఆ బాధ్యత మనం తీసుకోకపోతే రేపు ఇంకొకరు వచ్చి, వాగును పాడుచేసేది వీళ్లేనని చెప్పి మన హక్కునే కాదంటారు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ విషయాన్ని పాఠంలా చెప్పకండి. పిల్లలను ఇళ్లలోని పెద్దల దగ్గరికి పంపండి. వాగులో ఏ చేపలుండేవి, మన భాషలో వాటి పేర్లేమిటి, ఏవి ఎప్పుడు గుడ్లు పెడతాయి, ఇప్పుడు ఏవి కనిపించడం లేదు అని అడిగి రాసుకు రమ్మనండి. ఆ జాబితాను పిల్లలే గ్రామసభలో చదవాలి. తొలకరి వరదల్లో ఎన్నాళ్లు చేప ముట్టకూడదో, ఏ మడుగును విడిచిపెట్టాలో ఆ సభే తేల్చాలి. ఆ రోజుల్లో పూట గడవని ఇంటికి ఎవరు ఏమివ్వాలో కూడా అదే సభలో మాట్లాడాలి. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట నిలబడదు.