పాట మీది ప్రేమ, పాతరోజుల మీది బెంగ

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు పాతబడవు. 2016 నవంబరు 22న ఆయన కన్నుమూశారు. అంతకుముందే క్యాసెట్లు మూలపడ్డాయి. పాట మాత్రం సెల్‌ఫోన్లలోకి మారి బతికే ఉంది. 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమా ఈ కీర్తనల్ని కొత్త హంగులతో ఊరూరా మోగించింది. ఆ మోత తగ్గాక మా వైపు ఇళ్లలో మళ్లీ వినబడింది బాలమురళి గొంతే.

ఆ పాటలో ఆర్భాటం లేదు. కచేరీ విద్య చూపించాలన్న తొందర లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పొద్దుటి భక్తిరంజనిని తీర్చిదిద్దిన మనిషికి, పని చేసుకుంటూ వినేవాళ్ల కోసం ఎలా పాడాలో తెలుసు. మాట స్పష్టంగా వినబడుతుంది. సంగీతం రానివాళ్లు కూడా వెంట కూనిరాగం తీయొచ్చు.

ఇంతవరకూ పేచీ లేదు. ఆ పాట వినగానే “ఆ రోజులే వేరు” అంటామే, అక్కడే నాకు పేచీ. ఏ రోజులు? ఎవరి రోజులు?

మా ఇంట్లో ఈ పాట వినబడేసరికి అమ్మ లేచి రెండు గంటలయ్యేది. బొగ్గు పొయ్యి రాజేసి, నీళ్లు పట్టి, వాకిలి ఊడ్చి ముగ్గేసి, నాన్న మొదటి షిఫ్టుకి క్యారేజీ కట్టేసేది. అన్నయ్యకి ఆ పాటంటే తెల్లవారడం. అమ్మకి సగం పని తెమలడం. ఇవాళ అన్నయ్య తలుచుకునే ప్రశాంతతని తయారుచేసింది ఆ రెండు గంటల చాకిరీయే. జ్ఞాపకంలో పాట మిగిలింది, చాకిరీ జారిపోయింది.

అలాగని ఈ పాటని ప్రేమించడమంటే ఆ చాకిరీని మెచ్చుకోవడమేనా? అవునని తేల్చేయడం తేలికే. కానీ అమ్మకీ ఆ పాట ఇష్టం. ఆ ఇష్టాన్ని అమాయకత్వమని కొట్టిపారేసే హక్కు చదువుకున్న మనకెవరిచ్చారు?

రామదాసు కీర్తనల్లో చాలా వాటిలో ఉన్నది నిష్ఠూరమే. నోరు విప్పి పలకవేమని ఆనందభైరవిలో అడుగుతాడు. ఇంకో కీర్తనలో ఎవరెవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత ఖర్చయిందో వరసగా లెక్క అప్పజెప్పి ఇదంతా ఎవరి సొమ్మని నిలదీస్తాడు. అంతలోనే, కొట్టిన బాధకి ఓర్వలేక అలా అన్నాను, కోపగించుకోవద్దని వేడుకుంటాడు. ఒళ్లు హూనం చేసుకుని సంసారం ఈది, ఒకనాడు నోరు తెరిచి లెక్క చెప్పి, మరుక్షణమే “ఏదో బాధలో అన్నాన్లే” అని సర్దుకునే ఆడవాళ్లకి ఈ వరస ఎవరూ వివరించక్కర్లేదు. అమ్మ గొంతు పెంచితే గయ్యాళితనం. అదే గోడుని రామదాసు మాటల్లో పాడుకుంటే భక్తి. ఇంట్లో దొరకని అనుమతి ఆమెకి పాటలో దొరికింది.

అయితే మెత్తని గొంతు అడిగే మాటని కూడా మెత్తబరుస్తుంది. గోల్కొండ చెరలోంచి వచ్చిన నిలదీత మనకి జోలపాటంత హాయిగా వినబడుతుంది. ఓదార్పు ఇచ్చిన పాటే నోరు నొక్కే పాట కూడా కావచ్చునన్న సంగతి మరిచిపోకూడదు.

సీతమ్మని సిఫారసు అడిగే కీర్తన ఉంది కదా. ఏకాంతంలో ఉన్నప్పుడు నా సంగతి ఆయన చెవిన వెయ్యమ్మా అని ప్రార్థన. ఎంత మధురమైన పాట! కానీ భర్త మంచి మూడ్‌లో ఉన్న వేళ చూసి, ఇంకొకరి పని కోసం మాట కదపడమేగా మన ఇళ్లలో ఆడవాళ్లకి మిగిల్చిన అధికారం. తన మాట నమ్మించుకోడానికి నిప్పుల్లోకి దిగాల్సి వచ్చిన స్త్రీ, ఇతరుల మాట మోసే దూతగా మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది.

ఇక ఈ పాటల వెనకున్న మనుషులు. భద్రగిరి అడవిలో పుట్టలోని విగ్రహాలని మొదట కనుక్కుని, పందిరి వేసి, పళ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అని స్థలపురాణమే చెబుతుంది. ఆమె పాడుకున్నదేమిటో మన దగ్గర లేదు. తహసీల్దారు కంచెర్ల గోపన్న గుడికి ఖర్చుపెట్టింది పాల్వంచ పరగణా పన్నుల సొమ్ము. ఆ పన్ను కట్టినవాళ్లు ఎవరిని నిలదీశారో, ఏ రాగంలో నిలదీశారో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ అడవి అంచుల్లో కోయ ఆడవాళ్లు పాడే రేల పాటలు మా ఇంటి క్యాసెట్ల అరలోకి ఎప్పుడూ రాలేదు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. మన బెంగ మీట నొక్కితే తీరుతుంది. ఊరే నీళ్లపాలవుతుంటే బెంగపడే స్త్రీకి ఏ మీట ఉంది?

అందుకని పాట కట్టేయమని నేననను. నేనూ కట్టేయను. ప్రేమించడం, ఒప్పుకోవడం ఒకటి కాదు. పాటని ప్రేమించడానికి ఆ కాలానికి యోగ్యతాపత్రం రాసివ్వక్కర్లేదు. “ఆ రోజులే వేరు” అన్నవాళ్లని “ఆ రోజు నీళ్లెవరు పట్టారు?” అని అడగొచ్చు. అడిగితే పాట చెడిపోదు. నిజానికి రామదాసు చేసిందీ అదే. ఎంతో ప్రేమించినవాడి ముందు లెక్కలు పరిచాడు. ఆ లెక్క అడిగే గుణాన్ని ఆయన దగ్గర్నుంచి తీసుకుందాం. చివర్లో చెప్పిన క్షమాపణని మాత్రం ఆయనకే వదిలేద్దాం.