పనులు జరిగితే చాలునా?



విశాఖపట్నం మహానగరపాలక సంస్థకు 2012 నుండి 2021 వరకు ఎన్నికైన పాలకవర్గం లేదు. 2007లో గెలిచిన కార్పొరేటర్ల ఐదేళ్ల గడువు 2012లో తీరిపోయింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. నడుమ తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. 2011 జనాభా లెక్కలలోనే 17 లక్షలు దాటిన నగరానికి మేయరు లేరు, ఒక్క కార్పొరేటరు కూడా లేరు.

అయినా నగరం ఆగిపోలేదు. వీధులు ఊడ్చారు, దీపాలు వెలిగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని అతలాకుతలం చేసినప్పుడు కూడా అధికారులు, పారిశుద్ధ్య కార్మికులు రాత్రింబవళ్లు పని చేశారు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, భోపాల్ తరువాత దేశంలో మూడో స్థానం విశాఖదే. ఆనాడు నగరానికి కౌన్సిల్ లేదు!

"ఫాదర్‌గారూ, కార్పొరేటర్లు లేకపోయినా పనులు జరుగుతున్నాయి కదా. గొడవలు లేవు, కమీషన్లు లేవు. ఇంకా ఎన్నికలెందుకండీ?" అని చదువుకున్నవారే నన్ను అడిగారు. తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదిది. పని సక్రమంగా జరుగుతున్నప్పుడు ఆ పని మన చేతి మీదుగా జరగకపోతే మనకు వచ్చిన నష్టమేమిటి?

ముందుగా నగరపాలన ఎలా నిర్మితమైనదో చూద్దాం. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు ఐదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు తీరకముందే ఎన్నికలు జరగాలన్నది. స్త్రీలకు మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలన్నది. విశాఖలో 2021 నాటికి 98 వార్డులు. వార్డుకొక కార్పొరేటరు. వారందరూ కూడి మేయరును ఎన్నుకున్నారు. వారిలో నుండే స్థాయీ సంఘం ఏర్పడుతుంది. ఇది ఒక పక్క. రెండో పక్క కమిషనరు. ఆయనను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. బడ్జెటును ఆమోదించడం, లెక్క అడగడం కౌన్సిల్ పని. అమలు జరపడం కమిషనరు పని.

కౌన్సిల్ లేనప్పుడు దాని స్థానంలో ప్రత్యేకాధికారి కూర్చుంటాడు. అంటే అడిగే కుర్చీ, జవాబు చెప్పే కుర్చీ రెండూ అధికారుల చేతికే వచ్చాయన్నమాట. అధికారి ఎంత ఉత్తముడైనా తనను నియమించిన పైవారికి జవాబుదారి. కార్పొరేటరు ఎంత సామాన్యుడైనా తనకు ఓటు వేసిన కిందివారికి జవాబుదారి. కొండవాలు మీది పేటలో కుళాయి రాని తల్లి కలెక్టరు ఆఫీసు మెట్లు ఎక్కగలదా? తన వీధిలో ఉండే కార్పొరేటరు గుమ్మం ముందు నిలబడి నాలుగు మాటలు అనగలదు.

పవిత్ర గ్రంథంలో ఈ సమస్య మోషే కాలం నాడే కనిపిస్తుంది. ఉదయం నుండి సాయంకాలం దాకా మోషే ఒక్కడే ప్రజల తగవులు తీర్చుతున్నాడు. అతనికంటె మంచి పాలకుడు ఎవరు? అయినా మామ యిత్రో ఆ పద్ధతిని మెచ్చుకోలేదు. ఇలాగైతే నీవూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారని హెచ్చరించాడు (నిర్గమ 18:13-26). గమనించండి, మోషే అన్యాయం చేస్తున్నాడని యిత్రో అనలేదు. ఒక్కడే చేస్తున్నాడన్నాడు.

పదమూడవ శతాబ్దంలో పునీత అక్వినాసు తోమాసుగారు ఈ ఘట్టాన్నే తలచుకొని, ఉత్తమమైన పాలనలో ఒకరు శిరస్సుగా ఉండాలి, కొందరు ఆ భారం పంచుకోవాలి, అందరికీ అందులో ఎంతో కొంత పాలు ఉండాలి అని బోధించారు. విశాఖలో ఆ తొమ్మిదేళ్లూ మిగిలింది ఆ 'ఒకరు' మాత్రమే. 1931లో పదకొండవ భక్తినాథ పోపుగారు తమ విశ్వలేఖలో మరొక అడుగు ముందుకు వేశారు. చిన్న సంఘం చేసుకోగల పనిని పెద్ద సంఘం లాగుకోవడం అన్యాయమన్నారు. అసమర్థత అనలేదు, అన్యాయం అన్నారు. ఎందుకంటే మనిషి కేవలం సేవలు అందుకునే పాత్ర కాడు. ఆలోచించడానికి, నిర్ణయించడానికి, పొరపాటు చేసి దిద్దుకోవడానికి దేవుడు అతనికి బుద్ధిని, స్వేచ్ఛను ఇచ్చాడు. ఆ పని అతని తరఫున మరొకరు ఎంత చక్కగా చేసినా, అతనిలోని ఆ శక్తి వాడక లేక మొద్దుబారుతుంది.

ఇది నేను పుస్తకాలలో కంటె నా విచారణలోనే బాగా నేర్చుకున్నాను. ఒకచోట పారిష్ కౌన్సిల్ గడువు తీరితే, సభ్యుల కీచులాటలకు విసిగి కొత్తది వేయలేదు. మూడేళ్లు అన్నీ నేనే చూసుకున్నాను. లెక్కలు సరిగ్గా ఉన్నాయి. పండుగ ఘనంగా జరిగింది. నేను మంచి గురువునని సంతోషించాను కూడా. ఒకనాడు పూజ తరువాత ఒక పెద్దాయన వచ్చి, "ఫాదర్‌గారూ, మీ గుడి వెనక గోడ బీటలిచ్చిందండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ గోడకు ఇటుకలు మోసినవారిలో ఆయన ఒకరు. 'మన గుడి' ఎప్పుడు 'మీ గుడి' అయిందో నాకు తెలియనే లేదు. ఆ నెలలోనే కౌన్సిల్ వేశాను. కీచులాటలు మళ్లీ మొదలయ్యాయి. గోడ మాత్రం వారే బాగు చేశారు.

కార్పొరేటర్లందరూ నీతిమంతులని నేననను. కమీషన్లు తినేవారున్నారు, పార్టీలు మారేవారున్నారు. కాని వారిని గద్దెనెక్కించింది ఎవరు? ఓటుకు నోటు పుచ్చుకున్న చేయి, పోలింగు రోజున సెలవు దొరికిందని ఇంట్లో పడుకున్న మనిషి, వీరికి ఫిర్యాదు చేసే నోరెక్కడిది? చెడ్డ కార్పొరేటరును ఐదేళ్లకు మార్చుకోవచ్చు. అసలు లేని కార్పొరేటరును ఎవరు మార్చగలరు?

ప్రియ విశ్వాసులారా, మీ వార్డు సంఖ్య మీకు తెలుసా? మీ కార్పొరేటరును, గడువు తీరిపోయి ఉంటే కనీసం ఎన్నికలు ఎప్పుడని అధికారులను, ఎన్నడైనా అడిగారా? మీ పన్నుల సొమ్ము ఏ కాలువకు, ఏ బడికి పోతున్నదో విచారించారా? ఆదివారం పూజలో లోకశాంతి కోసం ప్రార్థించే మనం, సోమవారం మన వీధి సంగతి మనకెందుకని తప్పుకోవడం భక్తి అనిపించుకోదు. అధికారులు ఊరిని శుభ్రంగా ఉంచగలరు. దానిని 'మన ఊరు' అని పిలిచే హక్కును, బాధ్యతను మాత్రం మనమే నిలుపుకోవాలి.