కోట ముందు రెండక్షరాలు

స్కాట్లండుకు సెలవుపై వెళ్ళినప్పుడు సెయింట్ ఆండ్రూస్‌లో రోజంతా వాన. గొడుగు గాలికి తిరగబడింది. తడుస్తూనే శిథిలమైన కతీడ్రల్ చూసి, సముద్రం పక్కగా నడిచి కోట చేరాను.

ద్వారం ముందు రోడ్డు రాళ్ళలో జి, డబ్ల్యు అనే అక్షరాలున్నాయి. 1546 మార్చి 1న ప్రొటెస్టెంటు బోధకుడు జార్జ్ విషర్ట్‌ను అక్కడే కాల్చి చంపారు. చేయించినది కార్డినల్ డేవిడ్ బీటన్, మనవాడే. మే 29న ప్రొటెస్టెంటు పక్షం వారు కొందరు కోటలో చొరబడి బీటన్‌ను చంపి, శవాన్ని గోడకు వేలాడదీశారు.

ఈ రెండో సంగతి చదవగానే నా మనసు తేలికపడింది. వాళ్ళూ తక్కువ తినలేదు కదా అనుకున్నాను. ప్రియ పాఠకులారా, ఆ తేలికదనమే తరువాత నన్ను బాధించింది. పాపసంకీర్తనంలో పొరుగువారి తప్పులు ఏకరువు పెట్టే వారిని "నీ సంగతి చెప్పు నాయనా" అని ఎన్నిసార్లు ఆపానో!

470 ఏళ్ళు దాటిన పాపానికి నేను దోషినా? కాదు. దోషం చేసినవానిదే, గురువిద్యాలయంలో చదివిన తత్త్వశాస్త్రం అంతే చెప్పింది. కాని ఆనాటి పునీతులను మావారని చెప్పుకుంటాం. ఆస్తి పుచ్చుకుని అప్పు కాదనవచ్చునా? 2000 మార్చి 12న రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రీసభ బిడ్డల గత పాపాలకు బహిరంగంగా దేవుని క్షమాపణ వేడుకున్నారు.

తిరిగి వస్తూ ఆ రాళ్ళ దగ్గర ఆగాను. ఆ ఇద్దరికీ కలిపి ఒకే పరలోక జపం చెప్పాను.