తంత్రులు – తృష్ణ

కమలాపుర సమీపమున పాపఘ్ని పెన్నలో కలిసి తన పేరును విడుచుచున్నది. వాద్యమును చేపట్టిన సాధకుని అహము కూడ నాదమునందు అట్లే లీనము కావలెను. కాని కొందరికి ఇంట వీణ యుండగా మరియొక వీణపై, గిటారుండగా వేరొక గిటారుపై మనసు పోవుచుండును. "దీని నాదము మధురము, దాని దండి సొగసైనది" అని కారణములు పుట్టుచునే యుండును. పుత్రుడగు పూరుని యౌవనమును గైకొని 1000 సంవత్సరములు భోగించిన యయాతికే తృప్తి కలుగలేదు. కొనుటచే కోరిక తీరునా?

వీణకు వాయించు తంత్రులు 4, మెట్లు 24. సకల రాగములును ఇందే యిమిడియున్నవి. కొఱత అభ్యాసమునదే గాని కొయ్యది కాదు. కావున క్రొత్తదానిపై కోరిక కలిగినపుడెల్ల ఉన్నదానిని శ్రుతిచేసి ఒక్క కీర్తనను భగవంతునకు సమర్పింపవలెను. మూలనున్న రెండవ వాద్యమును, వాద్యము కొనలేని విద్యార్థి కొసగవలెను. అదియు నాదోపాసనయే.