శమీకుని ప్రార్థన

2025 ఏప్రిల్ 2వ తేదీన, అమెరికాలో మన తెలుగువారనేకులు నివసించు ఫ్రిస్కో పట్టణమున పాఠశాలల క్రీడాపోటీలు జరుగుచుండగా, డేరా క్రింద కూర్చుండుటను గూర్చి పదునేడేండ్ల బాలురిరువురకు మాటామాటా పెరిగినది. ఒకడు కత్తిపోటున మరణించెను. రెండవవానిపై హత్యాభియోగము మోపబడెను; ఆత్మరక్షణకై చేసితినని అతని వాదము. పిమ్మట ఆ పిల్లలనెన్నడును చూడనివారు దేహవర్ణమునుబట్టి రెండు పక్షములై దూషించుకొనిరి. దీనిని జాతివైరముగా చేయవలదని పుత్రశోకమునందున్న తండ్రియే చెప్పవలసివచ్చెను గదా!

భాగవతమున శృంగియు బాలుడే. తండ్రి మెడలో పరీక్షిన్మహారాజు మృతసర్పమును వేసెనని విని, ఏడవనాడు తక్షకుడు కరచునని శపించెను. అవమానము నిజమే, శిక్ష మితిమీరినది. శమీకుడు కుమారుని పక్షము వహింపలేదు, రాజును నిందింపలేదు. మెడలోని పామును తీసి పారవైచి, పసివాడు చేసిన పాపమును మన్నింపుమని శ్రీహరిని వేడుకొనెను.